వెనక సీటు మీద ఆరు సీసాలు

మోటారు సైకిళ్ల గురించి మగవాళ్లు గొప్పలు చెప్పుకుంటుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ముందు సీటు మీద కూర్చుని, రెండు చేతులా హ్యాండిలు పట్టుకుని, రాబోయే గుంతని కళ్లారా చూసి ముందే నడుం లేపుకునేవాడికి రోడ్డు సంగతి ఏం తెలుస్తుంది? ఎదురుగా వాడి వీపు తప్ప ఇంకేమీ కనపడకుండా, ఒక చేత్తో సంచీ, ఇంకో చేత్తో సీటు కింది ఇనప కమ్మీ పట్టుకుని కూర్చున్న మనిషిని అడగాలి. నన్ను ఎవరూ అడగలేదు. మా ఆయన అసలే అడగలేదు.

నేను కర్నూల్లో మిడ్‌వైఫు పరీక్ష పాసై, మైదుకూరికి ఎగువన ఉన్న మా అత్తగారి ఊళ్లోనే ప్రసూతి కేంద్రంలో పనికి చేరిన రోజులవి. కర్నూలు రాజధాని అయిందని ఆ ఊరినిండా ఆఫీసుల కోసం గుడారాలు వేసిన కాలం. మా కేంద్రం అంటే వీధి చివర ఒక గది, ఒక బల్ల, ఒక అద్దాల బీరువా. చుట్టూ పన్నెండు పల్లెలు. కాన్పు కష్టమైతే కబురు చేయండి, నర్సమ్మ వస్తుంది అని పల్లెపల్లెకీ దండోరా వేయించారు. ఎట్లా వస్తుందో చెప్పలేదు. దండోరా వేయించినవాళ్లు ఆ దారుల్లో ఒక్కసారి ప్రయాణం చేసి ఉంటే ఆ మాట అనడానికి సిగ్గుపడేవాళ్లు. కంకర బదులు నాపరాతి ముక్కలు పరిచి వదిలేసిన దారులు కొన్ని. వానల్లో నల్లరేగడిలో దిగబడిన బండి గాడులు ఎండకి గట్టిపడి అట్లాగే ఉండిపోయిన దారులు కొన్ని. మా జిల్లాలో రోడ్డు అనే మాటకి ఇంతకంటే అర్థం ఉండేది కాదు.

మా ఆయన మా ఊరి బోర్డు బడిలో లెక్కల అయ్యవారు. ఒక ఎండాకాలం సెలవుల్లో మద్రాసు పోయి, మిలిటరీ వాళ్లు వేలం వేసిన పాత మోటారు సైకిలు ఒకటి కొనుక్కొచ్చాడు. అది బర్మా యుద్ధం చూసి వచ్చిన బండి అని కనపడిన ప్రతివాడికీ చెప్పేవాడు. చూసే ఉంటుంది. యుద్ధం చూసి వచ్చిన మనుషులు కూడా మా తాలూకాలో నలుగురైదుగురు ఉన్నారు, వాళ్లలో ఒక్కడికీ మోకాళ్లు సరిగ్గా లేవు. ఆ బండికి ముందు చక్రం పైన ఒక లావు స్ప్రింగు ఉండేది. స్ప్రింగు మరీ ఎగరకుండా ఆపడానికి రెండు పక్కలా ఒకదాన్నొకటి రాసుకునే గుండ్రటి బిళ్లలు, వాటిని చేత్తో బిగించే మరలు. మా ఆయన సీటు కింద ఇంకో రెండు స్ప్రింగులు. వెనక చక్రానికి మాత్రం ఏమీ లేదు. ఏమీ లేని ఆ చక్రం మీదే నా సీటు. సీటంటే ఇనప కమ్మీల పలక, దాని మీద మా అత్త కుట్టిచ్చిన బొంత.

నా సంచీలో కత్తెరా దారం లాంటివి ఎన్నున్నా, ప్రాణం లాంటివి ఆరు గాజు సీసాలు. చిటికెన వేలంత ఉండేవి, మెడలు సన్నం. కాన్పయ్యాక నెత్తురు ఆగకపోతే ఆ మందు సూదితో ఇవ్వాలి. ఇస్తే చాలామటుకు ఆగుతుంది. ఆ మందు లేకపోతే కడుపు నొక్కుతూ, దేవుడి పేరు తలచుకుంటూ కూర్చోవడమే.

బండి వచ్చిన కొత్తలో మా ఆయనకి పట్టుకున్న దిగులల్లా అది చెప్పిన వెంటనే ఉరకడం లేదని. గ్రిప్పు తిప్పాక బండి ఒక క్షణం ఆలోచించుకుని కదులుతోందట. ఆయన బడి మూశాక రోజూ దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని యాక్సిలేటరు వైరు బిగలాగాడు, కార్బురేటరు విప్పి పెట్రోలు వచ్చే చిన్న రంధ్రం ఉన్న ఇత్తడి మర తీసేసి పెద్ద రంధ్రం ఉన్నది పెట్టాడు. దాంతో వేలు కదిపితే చాలు, బండి ముందుకు దూకడం మొదలుపెట్టింది. "గుంత వచ్చినప్పుడు రేసిచ్చి దాటేయొచ్చు" అన్నాడు. గుంత వస్తే మణికట్టు అదురుతుంది. మణికట్టు అదిరితే గ్రిప్పు తిరుగుతుంది. గ్రిప్పు తిరిగితే బండి దూకి పక్క గుంతలో పడుతుంది. ఇంత చిన్న లెక్క ఆయనకి తట్టలేదు, నేను చెబితే నవ్వాడు.

ఆ నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. ఒక రోజు మధ్యాహ్నం నల్లమల కింద ఉన్న గొర్రెలోళ్ల పల్లె నుంచి ఒక కాపరి పరుగెత్తుకుంటూ వచ్చాడు. అతని భార్యకి నొప్పులు మొదలై ఒక రోజు దాటింది. ఆ పల్లె మాకు ఏడు మైళ్లు. బయలుదేరాం. మూడో మైలు దగ్గర ముందు చక్రం గాడిలో దిగింది, మా ఆయన చెయ్యి అదిరింది, బండి ఆయన్ని తీసుకుని ముందుకు పోయింది. నేను నాపరాళ్ల మీద వెల్లకిలా పడ్డాను, సంచీ నా నడుం కింద పడింది. లేచి చూస్తే ఆరు సీసాలూ పగిలి దూదంతా తడిసిపోయి ఉంది. అయినా పోయాం. ఆడపిల్ల పుట్టింది, బాగానే ఏడ్చింది. తల్లికి నెత్తురు ఆగలేదు. నేను చేయగలిగిందంతా చేశాను, అది చాలలేదు. పొద్దు వాలకముందే ఆమె పోయింది. ఆ పసిగుడ్డుని ఎత్తుకుని చనిపోయినామె చెల్లెలు గుడిసె వాకిట్లో నిలబడి నా చేతులకేసి చూస్తూ ఉంది. నేను బయటికి వచ్చేసరికి మా ఆయన బండికి అంటిన మట్టి తుడుచుకుంటున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు "రోడ్డు బాగాలేదు" అన్నాడు. సంచీ మీద నేను పడటం కూడా ఒక కారణమే కదా అని ఇంకొకసారి అన్నాడు. మళ్లీ అనలేదు, అనే ధైర్యం ఆయనకి మిగల్చలేదు నేను.

ఆ కాపరి కొన్ని నెలలకి ఆ చెల్లెలినే చేసుకున్నాడు. పసిపిల్లని చూసుకునేవాళ్లు కావాలి, మా వైపు అది మామూలే. మరుసటి ఏడు ఆమెకి నెల తప్పింది. ఆరో నెల నిండాక నా దగ్గరికి ఏడు మైళ్లూ నడిచి వచ్చింది. అప్పటికే నిండు నెలల కడుపులా ఉంది. బల్ల మీద పడుకోబెట్టి చేత్తో చూస్తే రెండు తలలు తగిలాయి. కవలలు. కవలల కాన్పులో నెత్తురు ఎక్కువ పోయే భయం ఉంటుంది. ఆ మాట నేను నోటితో చెప్పలేదు గానీ నా ముఖం ఆమె చదివేసింది.

"నర్సమ్మా, ఈ తూరి సీసాలు పగలకొట్టుకోకుండా వస్తావా?" అని అడిగింది.

వస్తానని ఆమె చెయ్యి పట్టుకుని చెప్పాను. ఆమె బతకాలంటే ఆ ఆరు సీసాలు ఆ ఏడు మైళ్లూ క్షేమంగా దాటాలి. అంతకు మించి నాకు ఇంకో ఆలోచన లేదు.

బండి అదరకుండా చేసి తీరాలని మా ఆయనకి ఖరాఖండిగా చెప్పాను. ఆయనకి అదే కావాలి. స్ప్రింగు ఇంకా బిగించాడు. బిళ్లలు కదలకుండా బిగించాడు. టైర్లలో గాలి రాయిలా అయ్యేదాకా కొట్టాడు. గట్టిగా ఉన్నది అదరదని ఆయన సిద్ధాంతం. నేను మందు సీసాలతో పరీక్షలు పెట్టుకోలేను కనుక, ఆరు కోడిగుడ్లకి దూది చుట్టి, అదే డబ్బాలో పెట్టి, అదే సంచీలో వేసుకుని వెనక కూర్చుని మూడు మైళ్లు పోయి వచ్చాను. ఒక్క గుడ్డు మిగిలింది. నా నడుం గురించి చెప్పడం అనవసరం. "గుడ్లు పెంకు పల్చగా ఉండాయి" అన్నాడు మా ఆయన. ఇంకోచోటి గుడ్లు తెచ్చి చూశాం. అవీ పగిలాయి. పగిలినవాటిని మా అత్త పారేయనిచ్చేది కాదు, ఆ నెలంతా మా ఇంట్లో కోడిగుడ్ల పులుసే.

చివరికి నాకే తట్టింది. కడపలో జట్కా బండ్లకి కమాన్లు, అంటే బరువుకి వంగి లేచే ఇనప పట్టీలు, చేసే కమ్మరి సాయిబు ఒకాయన ఉండేవాడు. జట్కాల్లో నిండు చూలాళ్లని ఆసుపత్రికి తీసుకొస్తుంటే నేను కళ్లారా చూసినదాన్ని. వాళ్లు ఆ కమాన్ల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ వచ్చేవాళ్లు. ఆయన దగ్గరికి పోదామంటే మా ఆయన ముఖం మాడ్చుకున్నాడు. మిలిటరీ మోటారుని జట్కావాడికి చూపించడం ఆయనకి నామోషీ. మంచి మాటతో రెండు రోజులు, ఇంకో రకం మాటతో ఒక రోజు చెప్పాక బయలుదేరాడు.

ముసలి సాయిబు బండిని ముట్టుకోలేదు. ముందు మా ఇద్దర్నీ దాని మీద కూర్చోమన్నాడు. కింద గొంతుక్కూర్చుని ముందు స్ప్రింగు ఎంత వంగుతుందో చూశాడు. అది వంగనే లేదు.

"ఈ స్ప్రింగు ఎవురు బిగిచ్చినారప్పా?"

"నేనే" అన్నాడు మా ఆయన, కొంచెం గర్వంగానే.

"వెనక ఎవురు కూచుంటారని బిగిచ్చినావు?"

మా ఆయన నా వైపు చూశాడు. ఆ బండి కొన్నప్పటినుంచి ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదని ఆ చూపులోనే తెలిసిపోయింది.

"గట్టిగుంటే అదరదనేది మంచానికప్పా, బండికి కాదు. చక్రం లేయల్ల, మనిషి లేయకూడదు. నువ్వు చక్రాన్ని కట్టేసినావు, ఇంగ మనిషి లేస్తాండాడు" అన్నాడు సాయిబు.

రెండు రోజులు చేశాడు. లావు స్ప్రింగు తీసేసి, మా ఇద్దరి బరువుకీ సరిపోయే మెత్తటి స్ప్రింగు చుట్టాడు. తుప్పు పట్టిన బిళ్లలు పారేసి, పాత లారీ బ్రేకు పట్టీ గుండ్రంగా కోసి కొత్త బిళ్లలు వేశాడు. స్ప్రింగు వంగేటప్పుడు తొందరగా వంగి, లేచేటప్పుడు నిదానంగా లేచేదాకా వాటిని బిగించడం, వదలడం, మళ్లీ బిగించడం. నా సీటు కింద రెండు పల్చటి జట్కా కమాన్లు అమర్చాడు. టైర్లలో గాలి సగానికి తీశాడు. తర్వాత యాక్సిలేటరు చూశాడు. హ్యాండిలు తిప్పినా, ముందు చక్రం లేచినా బిగలాగిన ఆ వైరు తనంతట తనే రేసు ఇస్తోంది. దాన్ని వేరే దారిలో తిప్పి కాస్త వదులు పెట్టాడు. తీసేసిన చిన్న రంధ్రం మరని మా ఆయన చొక్కా జేబులోంచి బయటికి తీయించి మళ్లీ పెట్టాడు. గ్రిప్పు దానంతటది తిరగకుండా దాని కింద మర బిగించాడు.

"ఇది నీ సెయ్యి చెప్తే తిరగల్ల, రోడ్డు చెప్తే తిరగకూడదు. ఇంగోటి, ఈ బిళ్లలు కిర్రుమంటాయి. అననీ. అవి రాసుకుంటేనే పని చేస్తాయి" అన్నాడు.

మా ఆయన తల ఊపాడు. ఆయన తల ఊపితే విన్నట్టు కాదని సాయిబుకి ఎట్లా తెలుస్తుంది?

కడప నుంచి మా ఊరిదాకా ఇరవై మైళ్లు వచ్చి డబ్బా తెరిచి చూస్తే ఆరు గుడ్లూ అట్లాగే ఉన్నాయి. నేను వీధిలోనే నిలబడి ఏడ్చాను. ఎందుకు ఏడుస్తున్నానో మా ఆయనకి అర్థం కాలేదు. తను బాగా నడిపినందుకేమో అనుకుని మీసం సర్దుకున్నాడు.

పది రోజులు కాలేదు, బండికి కొత్త రోగం పట్టుకుంది. గుంతలో దిగి లేచాక ముందు భాగం ఆగకుండా ఎగరడం. ఒక గుంత అదురు ఇంకా ఆగకముందే ఇంకో గుంత. ఆరు గుడ్లలో మూడు పగిలాయి. కాపరి భార్యకి అప్పుడు ఎనిమిదో నెల. మా ఆయన సాయిబుని తిట్టడం మొదలుపెట్టాడు. నేనైనా ఆగానా అంటే ఆగలేదు. కడపకి పోయి, నలుగురి ముందూ, "జట్కా పని తప్ప నీకు చేత కాదని ముందే చెప్పి ఉంటే సరిపోయేది కదా సాయిబూ" అన్నాను. ఆయన బండి ముందు గొంతుక్కూర్చున్నాడు. బిళ్లలు విప్పాడు. నున్నగా మెరుస్తున్నాయి. వేలితో రుద్ది వాసన చూసి, మాకూ చూపించాడు.

"ఆముదం. ఎవురో కందెన పెడతాండారు."

మోటారుకి ఆముదం ఎవరు పెడతారని మా ఆయన గయ్యిమన్నాడు. సాయిబు బిళ్లల్ని పెట్రోలుతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, ఎండబెట్టి మళ్లీ బిగించి పంపాడు. ఇంకో వారానికి బండి మళ్లీ ఎగరడం మొదలుపెట్టింది. సాయిబు మా మీద కసితో తనే ఏదో పూసి పంపుతున్నాడని మా ఆయన తేల్చేశాడు. ఆ మాట నేను సగం నమ్మాను, అది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఒక రోజు పొద్దున్నే నేను మామూలుకంటే ముందు లేచి వాకిట్లోకి వచ్చాను. మోటారు సైకిలు పక్కన మా మామ కూర్చుని ఉన్నాడు. చేతిలో బండ్లకి కట్టే కందెన గొట్టం, ఇంకో చేతిలో కోడి ఈక. ఈకని ఆముదంలో ముంచి, బిళ్లల సందుల్లోకి చుక్క చుక్కగా వదులుతున్నాడు. ఎంతో శ్రద్ధగా, పసిబిడ్డకి మందు పోస్తున్నట్టు.

మా మామకి నాలుగు ఎద్దుల బండ్లు ఉండేవి. కిర్రుమనే బండి మా ఇంటి నుంచి ఒక్క రోజు కూడా బయటికి పోలేదని ఊరంతా చెప్పుకునేది. మా పల్లెల్లో ఇరుసు కిర్రుమంటే ఆ ఇంట్లో ఆముదానికి కూడా గతి లేదని, ఉన్నా చూసుకునే మగవాడు లేడని అర్థం. సంబంధాలు చూడటానికి వచ్చేవాళ్లు ముందు ఎద్దుల్ని చూస్తారు, తర్వాత బండి చప్పుడు వింటారు. పిల్లని ఆ తర్వాత చూస్తారు.

"ఏం చేస్తాండారు మామా?" అన్నాను.

"కందెన పెడతాండానమ్మా. శానా కిర్రుమంటాండాది. నువ్వు పోతాంటే వీధిలో అందురూ ఇంటాండారు. మనింటి కోడలి బండికి కందెన లేదా అనుకోరా?"

నా నోరు మంచిది కాదు. అప్పుడే శెనక్కాయ చేనికి పోయే కూలీలు పది మంది వాకిట్లో నిలబడి ఉన్నారు. వాళ్లందరి ముందూ ఆ పెద్దాయన మీద విరుచుకుపడ్డాను. ఎద్దులకీ మోటారుకీ తేడా తెలియని మనిషని అన్నాను. రెండు నెలలుగా మేం చేసుకొస్తున్నదంతా ఒక్క ఈకతో నాశనం చేశాడని అన్నాను. ఆ కందెన తీసుకుపోయి నెత్తికి పూసుకోమన్నాను. "ఆ సీసాలు పగిలితే ఒక మనిషి సచ్చిపోతాది! మీకేమన్నా తెలుసునా?" అని అరిచాను.

ఆయన మెల్లగా లేచాడు.

"ఎవురమ్మా?" అన్నాడు.

చెప్పాను. కాపరి రెండో భార్య అని, పోయినామె చెల్లెలే అని, కడుపులో ఇద్దరున్నారని, ఇంకో పదిహేను రోజుల్లోపలే కాన్పని. ఆయన అంతా విన్నాడు.

"నాకెవురూ చెప్పల్యా" అన్నాడు. కందెన గొట్టం తీసుకుపోయి మేకుకి తగిలించి, చేతులు కడుక్కుని లోపలికి పోయాడు.

నిజమే, ఎవరూ చెప్పలేదు. ఆ మోటారు కొడుకు సరదాకి అనుకున్నాడు ఆయన. ముసలివాడికి మోటారు సంగతులెందుకని మా ఆయన, మగవాడికి కాన్పు సంగతులెందుకని నేను. సాయిబు అననీ అని చెప్పిన ఆ కిర్రు సంగతి మా ఆయన ఇంట్లో ఎవరి చెవినా వేయలేదు. ఇరవై మైళ్లు పోయి పరాయి మనిషిని నిందించాం గానీ, ఇంట్లో పది అడుగుల దూరంలో ఉన్న మనిషిని ఒక్క మాట అడగలేదు.

మూడో రోజు తెల్లవారకముందే మా మామ బండి కట్టుకుని ఎటో పోయాడు. అలిగాడనుకున్నాను. అలిగితే అలగనీ, కనీసం బిళ్లలు పొడిగా ఉంటాయి అనుకున్నాను కూడా. అట్లాంటి మనసు నాది.

పొద్దు నడినెత్తి దాటాక బండి తిరిగొచ్చింది. చప్పుడు లేదు కనుక వాకిట్లోకి వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. మా మామ బండి ఎక్కలేదు. కాడి పట్టుకుని ఎద్దుల్ని అడుగులో అడుగు వేయిస్తూ ఏడు మైళ్లూ నడిచి వచ్చాడు, కాళ్లు మోకాళ్ల దాకా దుమ్ము. బండిలో ఎత్తుగా జొన్న సొప్ప, దాని మీద బొంతలు, బొంతల మీద ఒత్తిగిలి పడుకుని కాపరి భార్య. వెనక కాపరి, భుజాన పోయినామె కన్న పిల్ల.

మా అత్త గుమ్మంలోంచే కేకలు మొదలుపెట్టింది. మా వైపు పురుడంటే పుట్టింట్లో పోసుకోవాలి, కాకపోతే అత్తింట్లో. పరాయివాళ్ల ఇంట్లో కాన్పు కావడం ఎవరూ ఎరగరు, బాడుగకి ఇచ్చిన గదిలో కూడా ఒప్పుకోరు, మా కేంద్రం గదీ అట్లా బాడుగకి తీసుకున్నదే. "మనింట్లో గొర్రెలోళ్ల పురుడా? పది దినాలు మైల ఎవురు పడల్ల?" అంది మా అత్త.

"ఇంట్లో వద్దులే. కొట్టంలో పండుకుంటాది. కొట్టం నాది. మైల నేను పడతా, నాకు కూడు ఆడికే పంపీ" అన్నాడు మా మామ. ఎద్దుల్ని బయట కట్టేసి, కొట్టం ఊడ్చి, సున్నం చల్లి, తన మంచం తీసుకొచ్చి వేశాడు.

ఆరు సీసాల్ని ఆమె దగ్గరికి ఎట్లా తీసుకుపోవాలా అని రెండు నెలలుగా స్ప్రింగులు మార్చాను, గుడ్లు పగలగొట్టాను, ఒక మంచి పనివాణ్ణి నలుగురిలో అవమానించాను. ఆమెని సీసాల దగ్గరికి తీసుకురావచ్చన్నది నాకు తట్టలేదు. నెలలు నిండిన ఆడపిల్లలు బండి కట్టించుకుని పుట్టింటికి పోవడం నేను రోజూ చూసేదే. అయినా తట్టలేదు. పిలిస్తే మోటారు మీద పోయే నర్సమ్మని నేను. పరాయి పురుడు ఇంటికి తేకూడదన్న మా అత్త మాట నా నోట ఎన్నడూ రాలేదు గానీ, నా తలలో కూడా అదే ఉండింది.

కొట్టంలోకి వచ్చిన ఆరో రోజు పొద్దున పది గంటల వేళ ఆమెకి కాన్పయింది. ముందు మగపిల్లాడు, కాసేపటికి ఆడపిల్ల. ఆ వెంటనే నేను భయపడ్డదే జరిగింది, నెత్తురు. గోడ గూట్లో పెట్టుకున్న డబ్బా తీసి ఒక సీసా మెడ విరిచి సూది వేశాను. తగ్గలేదు. రెండోది విరిచాను. ఆమె నా మణికట్టు పట్టుకుని, నా ముఖమే చూస్తూ ఉంది. కడుపు నా చేతి కింద మెల్లగా గట్టిపడింది. నెత్తురు తగ్గింది, తర్వాత ఆగింది. ఆమె పట్టు వదిలి, పిల్లల్ని చూపించమంది. ఇంతసేపూ మా ఆయన వీధిలో మోటారు సైకిలు కిక్కు కొట్టి సిద్ధంగా నిలబెట్టి ఇంజను రేసు చేస్తూనే ఉన్నాడు. ఎక్కడికి పోవాలనో ఆయనకే తెలియాలి.

సాయిబుకి తర్వాత పోయి తప్పయిందని చెప్పుకున్నాను. ఆయన నవ్వేసి బిళ్లలు ఇంకోసారి సరిచేసి పంపాడు. ఆ బండి మీద ఎన్నో ఏళ్లు, ఎన్నో పల్లెలు కిర్రుకిర్రుమంటూ తిరిగాను, సీసాలు పగల్లేదు. అదంతా తన పనితనమేనని మా ఆయన ఊరంతా చెప్పుకున్నాడు.

ఆ రోజు కొట్టంలోంచి చేతులు కడుక్కోవడానికి బయటికి వస్తే మా మామ గోడ పక్కన ఎద్దుల దగ్గర నిలబడి ఉన్నాడు. అంతకుముందు తొమ్మిది రోజులుగా నాతో మాట్లాడలేదు.

"పిల్లోళ్లు?" అన్నాడు.

"ఇద్దరూ బాగుండారు మామా."

"ఆ తల్లి?"

"బాగుండాది."

ఆయన కాసేపు ఎద్దు మూపురం నిమిరాడు. తర్వాత, అడగొచ్చో లేదో అన్నట్టు మెల్లగా, "సీసాలేమన్నా పగిల్నాయామ్మా?" అన్నాడు.

ఎగతాళి కాదు. నిజంగానే భయపడి అడిగాడు. నేను అరిచి చెప్పిందాంట్లో ఆయన గుర్తుపెట్టుకున్నది అదొక్కటే.

"లేదు మామా" అన్నాను. తప్పయింది మామా అన్న మాట కూడా నాలిక చివరిదాకా వచ్చింది. కూలీల ముందు అన్ని మాటలు అన్నదాన్ని, ఎవరూ లేని ఆ చోట ఆ ఒక్క మాట అనలేకపోయాను. ఆయన ఇంకో తొమ్మిదేళ్లు మా ఇంట్లోనే బతికాడు, రోజూ నా చేతి కూడే తిన్నాడు. ఆ మాట ఆయన నా నోట వినలేదు.